కళ్ళకి గంతలు కట్టొచ్చు, వీపుకి ఎలా కడతాం?

నేను ఎదురుకాళ్ళతో పుట్టానని మా ఇంట్లో నా చిన్నప్పటినుంచీ చెప్పేవాళ్ళు. ఈ మాట వినని సిటీ మిత్రుల కోసం చెప్తున్నా: బిడ్డ తలతో కాకుండా కాళ్ళతో ముందు బయటికి రావడం అన్నమాట. అలా పుట్టినవాళ్ళు కాలితో మెల్లగా తంతే పట్టేసిన నడుం వదులుతుందని మన ఊళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. దాంతో సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్తే నాకు తీరిక ఉండేది కాదు. నేను పళ్ళు తోముకోకముందే అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని రెడీగా ఉండేవాళ్ళు. ఎడమ కాలితో మూడుసార్లు తాకించడం, అంతే నా వైద్యం. ఫీజు రెండు జంతికలు, లేకపోతే ఒక జామకాయ. హాస్టల్‌కి వచ్చాక కూడా ప్రాక్టీసు ఆగలేదు. సెమ్ పరీక్షల ముందు రాత్రంతా కుర్చీలో కూర్చుని నడుం పట్టేసిన మా రూమ్మేటు, "మామా, నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు గానీ, ఓసారి తన్నరా" అన్నాడు. తన్నాను. మర్నాటికి తగ్గిందన్నాడు.

పోయిన వేసవిలో పాస్‌పోర్టు కాగితాల కోసం బీరువాలో వెతుకుతుంటే మేము పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం దొరికింది. మేము అంటే నేనూ, మా తమ్ముడూ. కవలలం. పదకొండు నిమిషాల తేడాతో నేను పెద్దవాణ్ణి. మొదటి బిడ్డ తలతో, రెండో బిడ్డ కాళ్ళతో పుట్టినట్టు ఆ కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. అంటే ఎదురుకాళ్ళవాడు మా తమ్ముడు. ఇన్నేళ్ళూ తన్నింది నేను. అమ్మని అడిగితే, "ఆ నొప్పుల్లో ఎవడు ఎలా వచ్చాడో నాకేం తెలుసురా? మీ నాయనమ్మ పెద్దాడే అంది, అదే అందరికీ చెప్పాను" అంది.

ఆ రోజు ఇంట్లో అందరం పడీ పడీ నవ్వుకున్నాం. రాత్రి పడుకున్నాక మాత్రం నాకు వేరే ఆలోచన పట్టుకుంది. నా కాలు తగిలి "తగ్గింది బాబూ" అన్నవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు కదా. నా కాల్లో ఆ మహత్యం లేదని పడుకున్నవాళ్ళకి తెలియదు, తన్నే నాకూ తెలియదు. వైద్య పరిశోధనలో దీన్ని డబుల్ బ్లైండ్ అంటారు. పరిశోధకులు ఎంతో కష్టపడి ఏర్పాటు చేసుకునేదాన్ని మా ఇంట్లో పొరపాటున చేసేశాం. దీంతో ఏదో రుజువైపోయిందని నేను అనను. నడుం పట్టు చాలామందికి కొన్ని రోజుల్లోనో వారాల్లోనో దానంతటదే తగ్గుతుంది. నేను తన్నకపోయినా మా రూమ్మేటుకి తగ్గి ఉండొచ్చు.

అప్పటినుంచి చేతులతో చేసే వైద్యాలని ఎలా పరీక్షిస్తారో చదవడం మొదలుపెట్టాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. అమ్మకి మెడనొప్పి. ఒక క్లినిక్‌లో పది సిట్టింగులు చేయించుకుంది. మెడ పట్టుకుని నొక్కడం, నెమ్మదిగా తిప్పడం, తర్వాత ఒక మెషిన్. కొంత తగ్గింది. ఇంకో పది చేయించుకుంటే పూర్తిగా పోతుందన్నారు. "ఏం చేద్దాం రా?" అని అమ్మ నన్ను అడిగింది. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు కదా, అన్నీ తెలుస్తాయని ఆమె నమ్మకం. నాకు తెలియలేదు. తగ్గింది చేతి వల్లా, రోజులు గడవడం వల్లా, రోజూ అరగంట ఎవరో తన నొప్పి గురించి శ్రద్ధగా అడగడం వల్లా? ఈ మూడింటినీ విడదీయాలంటే, తనకి జరుగుతున్నది అసలు చికిత్సో ఉత్తుత్తి చికిత్సో పేషెంటుకి తెలియకుండా ఉంచాలి. బ్లైండింగ్ అంటే అదే.

ఇక్కడే అందరూ ఒక మాట అనేస్తారు: "మాత్రలకైతే సరే, చేత్తో చేసే వైద్యానికి బ్లైండింగ్ ఎలా కుదురుతుంది?" ఈ మాట రెండు వైపులవాళ్ళకీ సుఖంగా ఉంటుంది. చికిత్స చేసేవాళ్ళు "మమ్మల్ని ఆ పద్ధతిలో పరీక్షించలేరు" అని తప్పుకుంటారు. కొట్టిపారేసేవాళ్ళు "బ్లైండింగ్ లేని ఫలితాలు చెత్త" అని చదవడం మానేస్తారు. నా అభిప్రాయం ఏంటంటే, కుదురుతుందా లేదా అన్నది వాదించుకునే విషయం కాదు. కొలవాల్సిన విషయం. కొలిచినవాళ్ళు ఉన్నారు కూడా.

ఈ గంతలు కట్టే పద్ధతికి పేరొచ్చిందే చేతుల వైద్యాన్ని పరీక్షించడంతో. 1784లో పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడి పద్ధతి గురించి పెద్ద గోల. మనుషుల్లో ఒక అయస్కాంత శక్తి ప్రవహిస్తుందనీ, చేతులతో తాకి, ఒంటి మీదుగా చేతులు ఆడించి దాన్ని సరిచేయొచ్చనీ ఆయన అనేవాడు. రాజు 16వ లూయీ దీని సంగతి తేల్చమని ఒక కమిషన్ వేశాడు. అందులో మనకి పాఠాల్లో తగిలిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ ఇద్దరూ ఉన్నారు. పాసీలో ఫ్రాంక్లిన్ ఉంటున్న ఇంటి తోటలో ఒక ఆప్రికాట్ చెట్టుకి మెస్మర్ శిష్యుడు డెస్లాన్ ఆ శక్తి ఎక్కించాడు. పన్నెండేళ్ళ పిల్లాడికి కళ్ళకి గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్ళారు. నాలుగో చెట్టు దగ్గర పిల్లాడు స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు, అది ఇంకా దూరంలో ఉంది. పిల్లాడు నటించాడని ఎవరూ అనలేదు. పడిపోవడం నిజం, కారణం చెట్టు కాదు.

మా ఎదురుకాళ్ళ వైద్యం కూడా ఆ చెట్టులాంటిదే. అక్కడ మహత్యం అంతా పుట్టుకలో ఉందంటున్నాం, కాలిలో కాదు. వీపుకి తగిలే కాలు ఎవరిదైనా ఒకలాగే తగులుతుంది. కాబట్టి గంతలు కట్టడం సులువు. మాత్రలతోనూ అంతే. రంగు, రుచి, సైజు కలిపేస్తే చాలు.

అంత సులువైనచోట కూడా గుట్టు బయటపడుతుంది. 1975లో అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ తన ఉద్యోగుల మీదే జలుబుకి విటమిన్ సి పనిచేస్తుందా అని చేసిన ట్రయల్ అచ్చయింది. 311 మంది వాలంటీర్లు. కొందరికి విటమిన్ సి, కొందరికి లాక్టోజ్ నింపిన గొట్టాలు. సైన్సు సంస్థలో పనిచేసేవాళ్ళు ఊరుకుంటారా? కొందరు గొట్టం కొరికి రుచి చూసేశారు. పులుపుకీ తీపికీ తేడా తెలియడం ఎంతసేపు. తర్వాత లెక్క వేసి చూస్తే, విటమిన్ వల్ల వచ్చిందనుకున్న కొద్దిపాటి మేలు, తాము ఏం మింగుతున్నారో కనిపెట్టేసినవాళ్ళ వల్లే కనిపించింది. అందుకే "మేం గంతలు కట్టాం" అని రాస్తే చాలదు. గంతలు నిలిచాయా అని మనుషుల్నే అడగాలి.

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం. చిన్నప్పుడు వెనకనుంచి వచ్చి కళ్ళు మూసి "ఎవరో చెప్పుకో" అనే ఆట ఆడనివాళ్ళుండరు. చేతులు తగలగానే అక్కో, బావో చెప్పేసేవాళ్ళం. కళ్ళు మూసుకున్నా ఒళ్ళు చూస్తూనే ఉంటుంది. చేత్తో చేసే వైద్యంలో మందే స్పర్శ. నొక్కుడు ఎంత బరువుగా ఉంది, ఎంత వేగంగా ఉంది, కీలు "టక్" మందా లేదా, అన్నీ పేషెంటుకి తెలుస్తాయి. మరి ఈ మందుకి పంచదార మాత్ర ఏది?

పరిశోధకులు రకరకాలుగా ప్రయత్నించారు. కొందరు ఉత్తుత్తి గుంపుకి కరెంటు పోనివ్వకుండా అల్ట్రాసౌండ్ మెషిన్ పెట్టారు. ఒకరికి చేయి, ఇంకొకరికి మెషిన్ అయినప్పుడు పోలిక సమానం కాదు. కొందరు ఊరికే చేయి ఆనించి ఉంచారు. పది నిమిషాలు చేయి ఆనించి ఏమీ చేయకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. పైగా ఆనించిన చేయి నిజంగా ఏమీ చేయదని కూడా చెప్పలేం. ఎక్కువ కదిలిస్తే ఉత్తుత్తిది అసలుది అయిపోతుంది, తక్కువ కదిలిస్తే దొరికిపోతుంది. ఈ రెండింటి మధ్య సందు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఉందని చూపించిన ఒక పని నార్వేలో జరిగింది. ఓస్లో దగ్గర ఆకెర్షుస్ యూనివర్సిటీ ఆసుపత్రిలో మైగ్రేన్ ఉన్నవాళ్ళ మీద ట్రయల్ చేశారు. ఒక గుంపుకి వెన్నుపూసలని చేతితో నెట్టి సరిచేసే కైరోప్రాక్టిక్ చికిత్స. ఇంకో గుంపుకి ఉత్తుత్తి నెట్టుడు. మూడో గుంపుకి చేతుల వైద్యం లేదు, వాళ్ళ మందులు వాళ్ళవే. ఉత్తుత్తి నెట్టుడుని ఎలా తయారుచేశారో చూడండి. వెన్ను జోలికే పోలేదు. భుజం రెక్క అంచునా పిరుదు భాగంలోనూ అరచేయి వెడల్పుగా ఆనించి, మెల్లగా, కొద్దిగా, చికిత్సకి పనికిరాని దిశలో నెట్టారు. కీలు బిగిసి చప్పుడు రాకుండా ముందే వదులుగా ఉంచారు. సిట్టింగులు మాత్రం రెండు గుంపులకీ పన్నెండేసి, మూడు నెలల్లో.

ప్రతి సిట్టింగు తర్వాతా మనుషుల్ని అడిగారు: మీకు ఇవాళ అసలు చికిత్స జరిగిందనుకుంటున్నారా? ఎంత నమ్మకంగా చెప్తున్నారు? 2015లో అచ్చయిన ఈ ఫలితంలో 70 మంది ఉన్నారు. ఏ గుంపువాళ్ళయినా, ప్రతి సిట్టింగు తర్వాతా, 80 శాతానికి పైగా "నాకు జరిగింది అసలుదే" అన్నారు. వెన్నుని ముట్టుకోకపోయినా, చప్పుడు రాకపోయినా, ఉత్తుత్తి గుంపువాళ్ళు కూడా అదే మాట అన్నారు. "కుదరదు" అన్నదాన్ని వాళ్ళు పన్నెండుసార్లు వరసగా కుదిర్చారు.

"అందరూ అసలుదే అంటే అది గంతలు కట్టినట్టా? సగం సగం ఊహించాలి కదా" అని మీలో కొందరికి రావాలి. నాకూ వచ్చింది. దీనికో చిన్న లెక్క ఉంది. 2004లో బాంగ్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్ళు ప్రతిపాదించిన సూచిక అది. ఒక్కో గుంపుకి విడిగా వేయాలి. సరిగ్గా ఊహించినవాళ్ళ సంఖ్యలోంచి తప్పుగా ఊహించినవాళ్ళని తీసేసి, గుంపులో మొత్తం మందితో భాగించాలి. "తెలియదు" అన్నవాళ్ళు కింద మొత్తంలో ఉంటారు, పైన ఉండరు. జవాబు 1 వస్తే గుట్టు మొత్తం బయటపడినట్టు. 0 వస్తే బొమ్మా బొరుసూ వేసినట్టు. మైనస్ 1 వస్తే అందరూ తప్పుగా నమ్మినట్టు.

లెక్క తేలిక కావడానికి గుంపుకి 50 మంది, ఇద్దరిలోనూ 80 శాతం "అసలుదే" అన్నారనుకుందాం. అసలు గుంపులో 40 మంది ఒప్పు, 10 మంది తప్పు. 30ని 50తో భాగిస్తే 0.6. అది ఒక్కటే చూస్తే అమ్మో దొరికిపోయాం అనిపిస్తుంది. ఉత్తుత్తి గుంపులో 10 మంది ఒప్పు, 40 మంది తప్పు. మైనస్ 0.6. రెండు గుంపులనీ కలిపేస్తే 100 మందిలో 50 మంది ఒప్పు, అంటే అచ్చంగా బొమ్మా బొరుసే. విడివిడిగా చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది: ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియలేదు, అందరికీ ఆశ మాత్రం ఉంది, అదీ సమానంగా ఉంది. నాకు ఈ పని అంతటిలోకీ నచ్చిన విషయం ఇదే. బ్లైండింగ్ అంటే ఏమీ నమ్మకుండా ఉండటం కాదు. రెండు వైపులా ఒకేలా నమ్మేట్టు చూడటం. ఆశ సమానమైతే, మిగిలిన తేడా చేతిదే.

మరి మిగిలిన తేడా ఎంత? ఈ మైగ్రేన్ ట్రయల్ పూర్తి ఫలితాలు 2017లో వచ్చాయి. 104 మంది. చికిత్స అయిపోయేసరికి మూడు గుంపుల్లోనూ మైగ్రేన్ రోజులు తగ్గాయి. తర్వాత నెలల్లో మందుల గుంపు మళ్ళీ మొదటికి వచ్చింది, చేతులు పడిన రెండు గుంపులూ తగ్గినచోటే నిలబడ్డాయి. కానీ గుంపుల మధ్య తేడా గణాంకాల్లో నిలిచేంత లేదు. అసలు నెట్టుడుకీ ఉత్తుత్తి నెట్టుడుకీ తేడా తేలలేదు కాబట్టి, వచ్చిన మేలు బహుశా ప్లాసిబో వల్లే అని పరిశోధకులే రాశారు. వాళ్ళలో మొదటి రచయిత స్వయంగా కైరోప్రాక్టర్. తన చేతి పని మీద తానే ఇంత గట్టి పరీక్ష పెట్టుకుని, వచ్చిన జవాబుని దాచకుండా రాయడం నాకు గౌరవంగా అనిపించింది. మన రివ్యూల్లో మనం ఎంతమందిమి అలా చేస్తాం?

దీన్ని పట్టుకుని "చేతుల వైద్యమంతా బూటకం" అనడానికి లేదు. ఇది ఒక జబ్బు, ఒక పద్ధతి. అమ్మ మెడకి ఇది జవాబు కాదు. ఈ ట్రయల్‌లో గడిచిన ఏడాదిలో ఆ చికిత్స చేయించుకున్నవాళ్ళని తీసుకోలేదు. అది తెలివైన పనే. అసలు నెట్టుడు ఎలా ఉంటుందో ఒంటికి తాజాగా గుర్తుంటే, ఉత్తుత్తిదాన్ని పట్టేయడం సులువు. అంటే నెలనెలా చేయించుకునేవాళ్ళ మీద ఈ గంతలు నిలుస్తాయో లేదో మళ్ళీ కొలవాల్సిందే. ఇంకో లోటు చికిత్స చేసేవాళ్ళది. తను ఏం చేస్తున్నాడో చేసేవాడికి తెలియకుండా ఉంచడం చేతి వైద్యంలో దాదాపు అసాధ్యం. గొంతులో, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగే తీరులో తేడా రావొచ్చు. మా ఇంట్లోలాగా ఎవడు ఎలా పుట్టాడో మర్చిపోతే తప్ప ఆ గంత కట్టలేం.

ఇప్పుడు నేను నిపుణులతోనే కొంచెం విభేదించాల్సిన చోటు. ట్రయల్ ఫలితాలు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ అనే మార్గదర్శకాలు ఉన్నాయి. 2001 కూర్పులో, గంతలు ఎంతవరకు నిలిచాయో ఎలా పరీక్షించారో రాయమన్నారు. 2010 కూర్పులో ఆ మాట తీసేశారు. కారణం న్యాయమైనదే. ట్రయల్ చివర్లో అడిగితే, తగ్గినవాడు "నాది అసలుదే" అంటాడు, తగ్గనివాడు "నాది ఉత్తుత్తిదే" అంటాడు. మందు నిజంగా పనిచేస్తే అందరూ సరిగ్గా ఊహిస్తారు. అది గుట్టు బయటపడటం కాదు, మందు గెలవడం. ఆ రెండింటినీ విడదీయలేకపోతే అడిగి ఏం లాభం?

నా మాట ఏంటంటే, తప్పు అడగడంలో లేదు, ఎప్పుడు అడుగుతున్నామన్నదాంట్లో ఉంది. మొదటి సిట్టింగు అవ్వగానే, ఇంకా ఏదీ తగ్గే టైం రాకముందే అడిగితే ఈ చిక్కు చాలావరకు పోతుంది. ఎందుకలా అనుకుంటున్నావని కూడా అడగాలి. "నొప్పి తగ్గింది కాబట్టి" అంటే ఒక సంగతి, "చప్పుడు రాలేదు కాబట్టి" అంటే ఇంకో సంగతి. రెండోదే అసలు చిల్లు. మాత్రల ట్రయల్స్‌కి ఈ ప్రశ్న వదిలేసినా పెద్ద నష్టం లేదేమో. స్పర్శే మందైన చోట మాత్రం ఇది తప్పనిసరి చేయాలంటాను. ఇంకా మంచిది, అసలు ట్రయల్ మొదలుపెట్టే ముందే, కొద్దిమంది మీద ఉత్తుత్తి చికిత్స నిలుస్తుందా అని విడిగా పరీక్షించుకోవడం. బ్రిడ్జి కట్టాక లోడ్ టెస్ట్ చేయడం సరే, ముందు మట్టి పరీక్ష చేయించుకోవాలి కదా.

ఇది మాటల్లో చెప్తే సరిపోదని దసరా సెలవుల్లో నేనే చేసి చూశాను. ముందు అమ్మమ్మకి నిజం చెప్పాను. ఈ విషయంలో నేను కొన్ని రోజులు తటపటాయించాను. నమ్మకంతోనే ఆవిడకి హాయిగా ఉంటే ఎందుకు చెడగొట్టడం అని మా అత్త అంది. కానీ నార్వేలో ఆ మనుషులు తమకి రెండింట్లో ఏదైనా రావొచ్చని తెలిసి, ఒప్పుకుని వచ్చారు. ఒప్పుకుని గంతలు కట్టించుకోవడం వేరు, మనం వాళ్ళని మోసం చేయడం వేరు. నిజం తెలిశాక కూడా నేను అరుగు మీద తంతూ ఉంటే అది రెండోదే అవుతుంది. చెప్పాను. అమ్మమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అయితే చిన్నాణ్ణి పిలు" అంది. వాడు వచ్చి తాకించాడు. "వాడిది వట్టి తొందర. నీ కాలే నయం" అంది.

అప్పుడే అడిగాను, అమ్మమ్మా, చూడకుండా ఎవరి కాలో చెప్పగలవా అని. ఆవిడకి సరదా వేసింది. బోర్లా పడుకుంది. స్టీలు గ్లాసులో పది చీట్లు వేశాం, ఐదు నా పేరు, ఐదు తమ్ముడి పేరు. ఏ పేరు ఎన్ని చీట్ల మీద ఉందో ఆవిడకి చెప్పలేదు. చీటీ తీసినవాడు మాట్లాడకుండా వెళ్ళి మెల్లగా తాకించాలి. నా కాలిని ఐదుకి ఐదుసార్లూ పట్టేసింది. తమ్ముడి కాలిని నాలుగుసార్లు పట్టుకుని ఒకసారి తప్పు చెప్పింది. బాంగ్ లెక్కలో నాది 1, వాడిది 0.6. గంతలు ఘోరంగా ఫెయిల్. ఎలా తెలిసిందని అడిగితే, "నీ మడమ గరుకురా, గీరుకుంటుంది" అంది.

చూశారా, ఎందుకు అని అడిగితే చిల్లు ఎక్కడుందో తెలిసింది. మర్నాడు ఇద్దరం సాక్సులు వేసుకున్నాం. మళ్ళీ పది చీట్లు. నా కాలు మూడు ఒప్పు, రెండు తప్పు. వాడి కాలు రెండు ఒప్పు, మూడు తప్పు. 0.2, మైనస్ 0.2. పది తాకుళ్ళతో ఏదీ తేలదని నాకు తెలుసు, మా ప్రాబబిలిటీ సారు ఇది చదివితే నన్ను నిలబెడతారు. కానీ నిన్న "అస్సలు కుదరదు" అన్నట్టున్నది ఇవాళ సాక్సులతో కుదిరేలా కనిపించింది. ఇక అసలు పరీక్షకి కావాల్సింది పట్టేసిన నడుం. ఆ వారం అమ్మమ్మ నడుం బ్రహ్మాండంగా ఉంది. "మీకోసం నొప్పి తెచ్చుకోమంటారా ఏంటి?" అని లేచి వెళ్ళిపోయింది.

ఇదంతా మన క్లబ్బు పత్రికలో ఎందుకంటే, ఈ ఏడాది మనలో చాలామంది మనుషుల మీద ఏదో ఒకటి పరీక్షించబోతున్నాం. నడుం బెల్టు, మెడకి వైబ్రేషన్ ప్యాడు, కళ్ళ అలసట తగ్గించే యాప్, చదువు మీద ధ్యాస పెంచే గాడ్జెట్. పదిమంది ఫ్రెండ్స్‌కి ఇచ్చి, "ఎనిమిది మందికి తగ్గింది" అని స్లైడు పెడతాం. రివ్యూలో చప్పట్లు కొడతారు. పోలికకి ఇచ్చిన ఉత్తుత్తి ప్యాడు మోటారు తిరగకుండా చచ్చినట్టు పడుంటే, అది పెట్టుకున్నవాడికి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆపైన మీరు కొలిచేది మీ ప్యాడుని కాదు, మీ మీద మీ ఫ్రెండుకున్న అభిమానాన్ని.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. మొదటిసారి వాడగానే ఒక చీటీ ఇవ్వండి. మూడు గళ్ళు: అసలుది, ఉత్తుత్తిది, తెలియదు. కింద ఒక లైను: ఎందుకు అలా అనుకుంటున్నావు? ఒక్కో గుంపుకీ విడిగా లెక్క వేయండి. గంతలు ఊడిపోయాయని తేలితే అదే స్లైడులో రాయండి. మార్కులు పోతాయేమో. కానీ ఆ స్లైడు చూసి రేపు ఎవరో ఒకమ్మ పది సిట్టింగులకి డబ్బు కట్టొచ్చు.

మా అమ్మ సంగతి అడుగుతారేమో. రెండో పది సిట్టింగులకి వెళ్ళే ముందు ఒక పని చేయమన్నాను. అక్కడ నేర్పిన వ్యాయామాలు నెల రోజులు ఇంట్లో చేస్తూ, రోజూ రాత్రి నొప్పికి పదికి ఎంతో కేలండర్ మీద రాయమన్నాను. ఇది ట్రయల్ కాదు, గంతలూ లేవు. నొప్పి పెరిగినా, చేయి తిమ్మిరెక్కినా ఆగకుండా డాక్టరు దగ్గరికే వెళ్దామనీ చెప్పాను. ప్రస్తుతం ఇరవై రెండు రోజులయింది. కేలండర్ చూసి ఏదో ఒకటి చెప్పమని రోజూ అడుగుతోంది. ఇంకా ఎనిమిది రోజులు ఆగమంటున్నాను.